అద్దె యింటి గడప తల్లి వ్రత కథ

కథ వినువారు చేత అక్షతలు పట్టుకొని, వాకిలి తలుపు తీసియుంచి, మనస్సు నిలుపుకొని వినవలెను.

ఒకప్పుడు నిరాలయుడను ముని దేశములు తిరిగి తిరిగి, కుటీరకుడను మహాముని ఆశ్రమమునకు వచ్చి, నమస్కరించి యిట్లు అడిగెను. "స్వామీ! నేను చెట్ల నీడను పెరిగినవాడను. పట్టణములలో ఒక కప్పుపై మరియొక కప్పు వేసికొని కాపురముండు జనులను చూచితిని. ఇల్లుగలవారికి అద్దెకున్నవారనిన భయము. అద్దెకున్నవారికి ఇల్లుగలవారనిన భయము. గోడకు మేకు కొట్టిరని ఒకరు, కుళాయి కట్టివేసిరని ఒకరు, చుట్టములు వచ్చి కదలరని ఒకరు ఎల్లవేళల తగవులాడుచున్నారు. వారికి నెమ్మది కలుగు ఉపాయమేమి?"

కుటీరకుడిట్లనెను. నాయనా, అవి అన్నియు పైకి కనబడు తగవులు. వాని అడుగున ఒక పెద్ద భయమున్నది. అది తీరుటకు గడప తల్లి వ్రతమొకటి కలదు. ఆ కథ చెప్పెదను, వినుము.

గోదావరి ఒడ్డున ఒక పట్టణములో నాలుగంతస్తుల మేడ యుండెను. అందు మూడవ అంతస్తులో మాణిక్యాంబయను యిల్లాలికి ఎదురెదురుగా రెండు ఫ్లాట్లుండెను. ఒకదానిలో ఆమె భర్తతోను, అత్తగారైన బుల్లెమ్మతోను కాపురముండెను. భర్తకు బజారులో స్టీలు సామానుల దుకాణము గలదు. రెండవ ఫ్లాటులో అచ్యుతరామయ్యయను ముసలి డ్రిల్లు మాస్టారు, ఆయన భార్య పేరిందేవి చిరకాలముగా అద్దెకుండిరి. వారికి సంతానము లేదు. పేరిందేవి జాకెట్లు కుట్టుచుండెను. మాస్టారు ఉద్యోగము విడిచినను ఈల విడువక, లిఫ్టు ఆగినప్పుడెల్ల ఊది వాచ్‌మన్‌ను పిలుచుచుండెను. రెండిళ్ల నడుమ కూరలును పచ్చళ్లును రాకపోకలు సాగించుచుండెను.

అట్లుండగా మాస్టారికి జబ్బు చేసెను. ఆసుపత్రివారు చూడవలసినంత చూచి, ఇక ఇంటికి తీసికొనిపొమ్మని చెప్పిరి. పేరిందేవి ఆ మాట మాణిక్యాంబకు కబురు చేసెను. మాణిక్యాంబ వెంటనే సిద్ధాంతిగారి నడుగగా, ధనిష్ఠా నక్షత్రము నడుచుచున్నదనియు, అందు ప్రాణము పోయినచో ఆ యిల్లు ఆరునెలలు పాడుపెట్టవలెననియు ఆయన చెప్పెను.

మధ్యాహ్నమున అంబులెన్సు వచ్చి గేటు ముందర ఆగెను. మాణిక్యాంబ దిగి వచ్చి గేటుకు అడ్డముగా నిలిచెను.

"పిన్నిగారూ, మీకు తెలియనిదేముంది? నక్షత్రం వెళ్లనివ్వండి. ఆ తరవాత నేనే దగ్గరుండి తీసుకొస్తాను."

"నక్షత్రం వెళ్లేదాకా ఆయన్ని ఆగమని చెప్పనా అమ్మాయీ? ఆయన మంచం మీద ఆయన్ని పడుకోనివ్వు. అంతే అడుగుతున్నాను."

"రేపు ఆ ఇంట్లోకి ఎవరొస్తారండీ? మా కష్టం మీకేం తెలుసు!"

బుల్లెమ్మ బాల్కనీనుండి వంగి చూచి, "ఒసే మాణిక్యం! మీ మామగారు ఏ సత్రంలో పోయారనుకున్నావే? మన ఇంట్లో, పడమటింట్లోనే పోయారు. ఆ గదిలోనే ఏడాది తిరక్కుండా నీ పెళ్లి పట్టెమంచం వేశాం. ఏం, నీకు నిద్ర పట్టలేదా?" అని కేకవేసెను. వాకిళ్లలో నిలిచినవారు నవ్విరి. మాణిక్యాంబకు కోపము హెచ్చెనే గాని గేటు తీయలేదు.

అంబులెన్సు లోపల పడుకొనియున్న మాస్టారు కన్నులు తెరచి, "ఏవిటే, ఆగాం?" అని అడిగెను. పేరిందేవి చెప్పలేక చెప్పెను. ఆయన పెదవులు కదిపి, "పోన్లే. జన్మంతా పిల్లకాయల్ని బయట నిలబెట్టాను. ఇవాళ నా వంతు," అనెను. గేటు ముందరనే ఆయన ప్రాణము పోయెను.

రోడ్డు ప్రక్కన శామియానా వేసిరి. ఆటోలు హారనులు కొట్టుచు ప్రక్కనుండి పోవుచుండెను. పేరిందేవి భర్త పాదములు పట్టుకొని, నలుగురు నడచు త్రోవలో ఏడ్చుటకు సిగ్గుపడి, కొంగు నోటిలో క్రుక్కుకొనెను. బుల్లెమ్మ ఒక్కతె మెట్లు దిగి వచ్చి, దుమ్ములో ఆమె ప్రక్కన చతికిలబడి, చేయి పట్టుకొని సాయంకాలము వరకు కదలలేదు. కర్మ ముగిసిన పిదప పేరిందేవి తాళముచెవులు ఇచ్చివేసి, గడపకు నమస్కరించి వెడలిపోయెను. ఆ గడపయందున్న తల్లి, "నాకు పసుపు రాసిన చేయి పోవుచున్నది, నాకిచట ఏమి పని?" అని తలచి, ఆమె వెంట నడచిపోయెను.

మాణిక్యాంబ గడప కడిగించి, గోడలకు సున్నము వేయించి, క్రొత్తవారికి అద్దెకిచ్చెను. ఆ వచ్చిన యిల్లాలు సంధ్యవేళ గడప చెంత దీపము పెట్టెను. గాలి లేకుండగనే అది ఆరిపోయెను. మరల వెలిగింప మరల ఆరెను. ఎవరో తలుపు బయట నిలిచి గొంతు సవరించుకొనినట్లుండి, తీసి చూడగా ఎవరును లేకుండిరి. వారు ఇల్లు ఖాళీచేసి పోయిరి. తరువాత వచ్చినవారికిని దీపము నిలువలేదు. వారును పోయిరి. ఆ యింట ఎవరును చావలేదు. అయినను దానికి చావుకొంపయను పేరు వచ్చెను.

అది మొదలు కీడు ఎదురింటికిని ప్రాకెను. దుకాణము దెబ్బతిని, అప్పులవారు వచ్చి, వారుండు ఫ్లాటు అమ్ముకొనిరి. మిగిలిన ఫ్లాటును కొనువారు లేరు. దానియందుండుటకు తమకే భయమాయెను. కావున తాళము వేసి, వేరొక వీథిలో చిన్న వాటా అద్దెకు తీసికొని చేరిరి.

అచ్చట బుల్లెమ్మ మంచము పట్టెను. వైద్యులు పెదవి విరిచిరి. ఆ వాటా యజమానురాలు వచ్చి, వాకిటనే నిలిచి, మెల్లగా, "పెద్దావిడకి బాగాలేదటగా. ఎక్కడికైనా మారిస్తే బాగుంటుందండీ. మీరూ ఇల్లుగలవారేనట. మీకు నేను చెప్పాలా?" అనెను. అత్తగారు లోపల దగ్గుచుండగా, మాణిక్యాంబ ఆ పరాయి గడపపై కూలబడి ఏడ్చెను.

అంతట గడప తల్లి ఒక ముసలిదాని రూపమున, పూలబుట్ట చంకనబెట్టుకొని ఆ త్రోవను వచ్చి, "గడప మీద కూచుని ఏడుస్తావేం తల్లీ? లేచి సంగతి చెప్పు," అనెను. మాణిక్యాంబ జరిగినదంతయు దాచక చెప్పెను. ముసలిది విని యిట్లనెను. "చావు ఏ ఇంటికైనా వస్తుంది, పని చూసుకుని పోతుంది. నువ్వు దాన్ని లోపలికి రానివ్వలేదు. అందుకని అది వాకిట్లోనే నిలబడిపోయింది. బయటికి పంపినవాళ్లని పిలిచి, వాళ్ల చేత ఆ గడప దాటించు. అప్పుడుగాని దీపం నిలవదు." ఇట్లు చెప్పి, వ్రతవిధానము తెలిపి, వీథి మలుపున కనబడకపోయెను.

మాణిక్యాంబ వెదకికొనుచు పోయి, ఒక పెరటివైపు గదిలో మిషను త్రొక్కుచున్న పేరిందేవిని కనుగొని, కాళ్లపై పడబోయెను. పేరిందేవి కాళ్లు వెనుకకు తీసికొనెను.

"నీ గడపతో నాకేం పనమ్మా? ఆ లెక్క ఆ రోజే తీరిపోయింది."

"తీరలేదు పిన్నిగారూ. అందుకే వచ్చాను. మా అత్తయ్యకి బాగాలేదు. ఆవిడ్ని మా ఇంటికి తీసుకెళ్లాలి. మీరు ముందు అడుగు పెడితేగాని..."

పేరిందేవి చేతిలోని గుడ్డ ఆగెను. "ఎవరికి? బుల్లెమ్మగారికా?" అని అడిగి, మిషనుమీద గుడ్డ కప్పి లేచెను. "ఆవిడ ఆ రోజు రోడ్డు మీద నా పక్కన కూచుంది. నేను వచ్చేది ఆవిడ కోసం. నీ కోసం కాదు. తెలిసిందా?"

"తెలిసింది పిన్నిగారూ."

శుక్రవారమునాడు ఆ ఫ్లాటు తలుపు తీసిరి. మాణిక్యాంబ స్వహస్తములతో గడప కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బియ్యపుపిండితో ముగ్గు వేసెను. పీట వేసి పేరిందేవిని కూర్చుండబెట్టి, పసుపును, శనగలును, చీరయు వాయనమిచ్చి, "ఈ గడప నాదెంతో మీదీ అంతే," అని ముమ్మారు పలికెను. పేరిందేవి లేచి కుడికాలు లోపల పెట్టెను. పెట్టి, వెనుదిరిగి, ఎవరును లేని వరండావైపు చూచి, "రండి. తలుపు తీశారు. లోపలికి రండి," అనెను.

అని, ఆ గదిలో నడుమ కూర్చుండి, నాడు కొంగుచాటున అణచికొనిన ఏడుపునంతయు గొంతెత్తి ఏడ్చెను. మాణిక్యాంబ ఆమెను ఊరుకొమ్మనలేదు. దీపము వెలిగించి గడప చెంత నుంచెను. అది నిలిచెను.

ఆ సాయంకాలమే బుల్లెమ్మను తెచ్చి కిటికీ ప్రక్క మంచముపై పడుకొనబెట్టిరి. ఆమె ఇద్దరిని దగ్గరకు పిలిచి, "హమ్మయ్య, హారన్లు వినపడ్డంలేదు," అనెను. కొన్నిదినములు అందరితో మాటలాడి, కోడలిని తిట్టవలసిన తిట్లన్నియు తిట్టి, ఒక ఉదయమున కొడుకు చేతిలో చేయి యుండగా కన్నుమూసెను. అది ఏ నక్షత్రమని మాణిక్యాంబ ఎవరిని అడుగలేదు. కర్మ ముగిసిన పిదప ఇల్లు పాడుపెట్టలేదు. నిత్యము దీపము పెట్టిరి. అది వెలుగుచునే యుండెను.

క్రమముగా దుకాణము కుదుటపడెను. అమ్ముకొనిన ఫ్లాటు మరల చేతికి వచ్చెను. అప్పుడు మాణిక్యాంబ పేరిందేవిని ఆమె యుండిన పాత యింటికే రమ్మని పిలిచెను. పేరిందేవి మిషను దింపించుచు, "నేనూ ఇక్కడే పోతానేమోనమ్మా, ముందే చెప్తున్నాను. చూసుకో," అనెను. అందుకు మాణిక్యాంబ ఆమె చేతిలోని సంచి అందుకొని, "పోదురుగాని పిన్నిగారూ, తొందరేముంది? కాఫీ తాగండి," అనెను.

ఇట్లు చెప్పగా నిరాలయుడు, "మహాత్మా, ఈ వ్రతము చేసినవారికి ఎడబాటు తప్పునా?" అని అడిగెను. కుటీరకుడు, "తప్పదు నాయనా. ఏ వ్రతము వలనను తప్పదు. ఎడబాటుకు ఒక చోటు మాత్రము దొరకును," అనెను. నిరాలయుడు తలవంచి నమస్కరించెను.

కావున ఇల్లు మారినవారు క్రొత్త యింట వచ్చు మొదటి శుక్రవారమున ఈ వ్రతము చేయవలెను. ఇల్లుగలవారు అద్దెవారిని పిలిచియు, అద్దెవారు ఇల్లుగలవారిని పిలిచియు చేయవచ్చును. పై అంతస్తువారితో మాటలు లేనివారు, ఇంట రోగి గలవారు, ఖాళీ చేయమనిపించుకొని దిక్కుతోచనివారు, ఆ మాట అని తరువాత నిద్రపట్టనివారు తప్పక చేయవలెను. స్త్రీలు పురుషులు, భర్త గలవారు లేనివారు అను భేదము లేదు. చేసినవారి యింట దీపము నిలుచును, తగవు పెరుగదు, అద్దె యిల్లయినను సొంత యింటివలె నిద్రపట్టును. పుట్టువారు ఆ యింటనే పుట్టుదురు. పోవువారు తమవారి నడుమ పోవుదురు.

కథ విన్నవారు అక్షతలు సగము గడప తల్లి పాదములపైనను, సగము గడపపైనను వేసి, ప్రసాదము తాము తినుటకు ముందు ఎదురింటి తలుపు తట్టి పెట్టి రావలెను.