రెండింటికీ నాలుగింటికీ మధ్య

"నా కళ్ళతో చూడని లోపాన్ని ఉందని ఎలా రాయమంటారు మేడం?" అని అడిగాడు మురహరి.

అడిగింది దమయంతి గారిని. ఆవిడ టెలిఫోన్ శాఖలో ముప్ఫై ఏళ్ళు ఇంజనీరుగా చేశారు. ఇప్పుడు నరసరావుపేటలో చిన్నచిన్న ఆఫీసుల కంప్యూటర్ల బాగోగులు చూస్తూ మురహరితో కలిపి ముగ్గురు శిష్యులకు పని నేర్పుతున్నారు. వాదించే అలవాటు లేదు. ప్రశ్న తేలికైనదైతే రెండు ముక్కల్లో జవాబు చెప్తారు. బరువైనదైతే చేతిసంచీ తీసుకుని లేస్తారు. ఆ రోజు లేచారు.

వ్యవహారం ఇది. ఊళ్ళో ఒక ప్రైవేటు అంబులెన్సు సంస్థ ఉంది. అక్కడ పగటిపూట కాల్స్ అందుకునేది ఎస్తేరమ్మ అనే నలభై ఆరేళ్ళ ఆపరేటరు. ఎవరైనా ఫోన్ చేస్తే ఆ కాల్ వైఫై మీదుగా ఆమె లాప్‌టాప్‌లో మోగుతుంది. హెడ్‌సెట్‌లో వివరాలు కనుక్కుని ఆమె బండి పంపుతుంది. కిందటి నెల పాత కంప్యూటరు తీసేసి, విండోస్ బదులు లినక్స్ వేసిన లాప్‌టాప్ ఇచ్చారు. అప్పట్నుంచి తొమ్మిది కాల్స్ ఎవరూ ఎత్తనట్టు నమోదయ్యాయి. తొమ్మిదీ మధ్యాహ్నం రెండింటికీ నాలుగింటికీ మధ్య వచ్చినవే. ఆఖరిది పత్తిచేలో పాము కరిచిన ఒక రైతు కోసం చేసింది. ఇంటివాళ్ళు చూసిచూసి ముప్పావుగంట ఆలస్యంగా ఆటోలో ఆస్పత్రికి చేర్చారు. మనిషి బతికాడు గాని మూత్రపిండాలు దెబ్బతిన్నాయి.

అన్నం తిన్న తర్వాతి వేళ కాబట్టి ఆపరేటరు కునుకు తీసిందని మేనేజరు కోటిరెడ్డి తేల్చేశాడు. వైఫై మధ్యమధ్యలో పోతోందని ఎస్తేరమ్మ అంది. ఎవరి మాట నిజమో చూడమని మురహరిని పిలిపించారు. అతను మూడు మధ్యాహ్నాలు ఆమె పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సెకనుకోసారి రౌటర్‌ని పలకరించి, జవాబు వచ్చిందో లేదో చూపించే పింగ్ అనే ఆదేశాన్ని లాప్‌టాప్‌లో ఆపకుండా నడిపాడు. మూడు రోజుల్లో ఒక్క జవాబు కూడా తప్పలేదు. ఇక మిగిలింది "యంత్రంలో లోపం లేదు" అని రాసి సంతకం పెట్టడమే. ఆ కాగితం సాయంత్రం నాలుగున్నరకు యజమాని చేతికి వెళ్ళాలి. వెళ్తే ఎస్తేరమ్మ ఉద్యోగం పోతుంది. ఆస్పత్రిలో ఉన్న మనిషి సంగతి కూడా ఆమె మెడకే చుట్టుకుంటుంది.

గురుశిష్యులు వెళ్ళేసరికి రెండున్నరయింది. ఎస్తేరమ్మ హెడ్‌సెట్ పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది. లాప్‌టాప్ తెర మీద మురహరి పొద్దున నడిపించి వెళ్ళిన పింగ్ వరసలు ఇంకా పాకుతూనే ఉన్నాయి.

"ఒక్క సంతకానికి మీరు కూడా ఎండన పడి రావాలా మేడం?" అన్నాడు కోటిరెడ్డి. "మీ కుర్రాడు మూడు రోజులు చూశాడుగా. ఆ మూడు రోజులూ ఈవిడ రెప్ప వాల్చలేదు. పక్కన మనిషి ఉంటే కునుకెక్కణ్ణుంచి వస్తుంది!"

"పక్కన మనిషి లేనప్పుడూ వాల్చలేదు సార్," అంది ఎస్తేరమ్మ, తల తిప్పకుండానే.

దమయంతి గారు తెరకేసి చూసి, "అది ఆపు," అన్నారు శిష్యుడితో.

"ఆపితే కనెక్షన్ పోయిందీ లేనిదీ మనకెలా తెలుస్తుంది మేడం?"

"ఆపు."

ఆపాడు. ఆవిడ కోటిరెడ్డి వైపు తిరిగారు. "బయటి కాల్స్ అన్నీ డ్రైవర్ల గదిలో ఫోన్‌కి మళ్ళించండి. ప్రాణాల మీదకు వచ్చినవాళ్ళతో మనం పరీక్షలు చెయ్యకూడదు. ఈవిడ సీటుకు నేరుగా ఒక నంబరు ఉంటుంది కదా, దానికి మీ సెల్ నుంచి మీరే చెయ్యాలి. నేను చెప్పినప్పుడు. అప్పటిదాకా ఎవరూ ఈ లాప్‌టాప్‌ని ముట్టుకోవద్దు."

అయిదు నిమిషాలకు ఆవిడ తల ఊపారు. కోటిరెడ్డి వరండాలోకి వెళ్ళి నంబరు నొక్కాడు. లాప్‌టాప్ ఠక్కున మోగింది. ఎస్తేరమ్మ ఎత్తింది. "నమస్కారం, అంబులెన్సు," అని అలవాటుగా అంది. ఆ కాల్ మోగకూడదని గదిలో కోరుకున్నది ఆమె ఒక్కతే.

"అయిందా మేడం?" కోటిరెడ్డి గుమ్మంలో నిలబడి నవ్వాడు. మురహరి సంచీలోంచి కాగితం తీశాడు.

"కాలేదు. ఈసారి పావుగంట."

"ఏంటండీ ఈ తపస్సు? నాలుగున్నరకి కాగితం పోవాలి నాకు."

"పావుగంట," అన్నారావిడ మళ్ళీ.

ఖాళీగా కూర్చున్నవాళ్ళకు పావుగంట చాలా పొడుగు. ఫ్యాను తిరుగుతోంది. పక్కగదిలో డ్రైవర్లు క్యారమ్స్ ఆడుతూ ఒకణ్ణొకడు దెప్పుకుంటున్నారు. తెర మూలన వైఫై గుర్తు నిండుగా ఉంది. దాని పక్కన కాల్స్ చూపే పెట్టెలో "సిద్ధం" అనే ఆకుపచ్చ మాట వెలుగుతూనే ఉంది. ఎస్తేరమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఆ మాటనే చూస్తోంది. పదో నిమిషంలో మురహరి వేళ్ళు వాటంతటవే కీబోర్డు మీదికి వెళ్ళాయి. దమయంతి గారు అతని మణికట్టు పట్టుకున్నారు, వదల్లేదు.

పావుగంట గడిచింది. ఆవిడ తల ఊపారు.

కోటిరెడ్డి నంబరు నొక్కి సెల్ చెవికి పెట్టుకున్నాడు. గదిలో ఏమీ మోగలేదు. అతని ముఖం మీది నవ్వు కాసేపు అలాగే ఉంది. తర్వాత సెల్ స్పీకరు వేసి లోపలికి వచ్చాడు. అందులో రింగు వినిపిస్తోంది. ఒకటి, రెండు, మూడు. లాప్‌టాప్ మాత్రం కిక్కురుమనలేదు. "సిద్ధం" అన్న ఆకుపచ్చ మాట చెక్కుచెదరలేదు. ఎనిమిదో రింగుకు సెల్‌లో ముందే రికార్డు చేసిపెట్టిన ఆడగొంతు, ఆపరేటరు అందుబాటులో లేరని చెప్పింది.

"నేను ఇక్కడే ఉన్నాను సార్," అంది ఎస్తేరమ్మ. గట్టిగా కూడా అనలేదు.

దమయంతి గారు మురహరి చెయ్యి వదిలారు. "ఇప్పుడు తట్టు."

అతను పింగ్ నడిపాడు. మొదటి మూడు పలకరింపులకు జవాబు లేదు. నాలుగోదానికి వచ్చింది, ఆ తర్వాత వరసగా వస్తూనే ఉన్నాయి. ఎత్తని కాల్స్ జాబితాలో పదో ఎర్ర గీత చేరింది.

మిగతా పని చిన్నది. బ్యాటరీ ఆదా కోసం, చాలాసేపు ఏ సమాచారమూ అటూఇటూ నడవనప్పుడు వైఫై కార్డును నిద్రపుచ్చే ఏర్పాటు ఆ లాప్‌టాప్‌లో ఉంది. ఈ కార్డు ఒకసారి గాఢంగా పడుకుంటే బయటి పిలుపుకు లేవడం లేదు, లోపలినుంచి కదిలిస్తేనే లేస్తోంది. పొద్దుటి రద్దీలో దానికి పడుకునే వ్యవధి దొరకదు. రెండు దాటితే కాల్స్ పలచబడతాయి. మురహరి ఆ ఏర్పాటును తీసేశాడు. పావుగంట ఆగి చేస్తే మోగింది. తిరిగి పెట్టమన్నారు దమయంతి గారు. పెట్టి, మరో పావుగంట ఆగి చేస్తే మోగలేదు. మళ్ళీ తీయించి, మళ్ళీ ఆగి చేయించారు. మోగింది. అప్పటికి నాలుగు కావస్తోంది. ఈలోగా కోటిరెడ్డి తపస్సు మాట ఎత్తలేదు.

"సరేలేమ్మా," అన్నాడతను చివరికి. "అయిందేదో అయింది. పని చూసుకో."

"అయింది నాకు కాదు సార్, ఆస్పత్రిలో ఉన్నాయనకి. వాళ్ళింటికి వెళ్ళి ఎవరు చెప్తారు?"

కోటిరెడ్డి సెల్ జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. ఎస్తేరమ్మ ఇంకా కాసేపు అతనికేసి చూసి, బయటి కాల్స్ తన సీటుకు తిప్పుకుంది. మురహరి నిలబడే కాగితం రాశాడు. ఏయే సమయాలకు ఏం జరిగిందో వరసగా పెట్టి, పదకొండు కాల్స్‌కీ కారణం యంత్రమేనని కింద సంతకం చేశాడు. దమయంతి గారు చదివి, "పదకొండు" అన్నచోట "రెండు నేను చూశాను, తొమ్మిది అలాంటివే అయి ఉండాలి" అని దిద్దించారు.

ఇద్దరూ మెట్లు దిగారు. కింద ఎండలో స్కూటరు దగ్గర మురహరి ఆగిపోయాడు.

"మూడు రోజులు ఆవిడ పక్కనే కూర్చున్నాను మేడం. నాకెందుకు కనపడలేదు?"

దమయంతి గారు సంచీ భుజానికి తగిలించుకున్నారు.

"సెకనుకోసారి ఆ కార్డును తట్టి లేపుతూ, నువ్వున్న గదిని చూశావు," అన్నారు. "ఆవిడ ఉద్యోగం చేసేది నువ్వు లేని గదిలో."