ఇప్ప నీళ్ళ పాఠం

అనగనగా ఇప్పచెట్లు గుంపులు గుంపులుగా పెరిగిన ఒక అడవి. ఆ అడవిలో వాగుకి అవతల ఒక బడి ఉండేది. తల్లి పక్క వదిలి, తమ బతుకు తాము బతకడం నేర్చుకునే వయసొచ్చిన పిల్లలంతా అక్కడికి వచ్చేవారు. ఏ ఆకు తినాలో, ఏ వాసన తగిలితే పరిగెత్తాలో, ఎండలు ముదిరితే నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో అన్నీ అక్కడే నేర్పేవారు.

ఆ బడికి పెద్ద ఒక ముసలి ఏనుగు. పేరు దేవమ్మ. పిల్లలంతా ఆమెను "అవ్వా" అని పిలిచేవారు.

ఆ ఏడు కొత్తగా వచ్చినవాళ్ళలో గోగు అనే దుప్పి పిల్ల ఉంది. గోగుకి బెరుకెక్కువ. వచ్చిన రోజున వాగు దాటడానికి భయపడి ఒడ్డునే నిలబడిపోయింది. అప్పుడు ఒక ఎలుగు పిల్ల వెనక్కి తిరిగి, "నేను కాలు పెట్టిన రాయి మీదే నువ్వూ పెట్టు. పడితే ఇద్దరం కలిసే పడదాం" అన్నాడు. గోగు నవ్వింది. నవ్వుతూనే దాటేసింది. ఆ ఎలుగు పిల్ల పేరు బుంగ. వాడు ఎవరినైనా నవ్వించేవాడు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ ఒక జట్టు.

బడిలో ఒక నియమం ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, ముందు మూడు రోజులు ఇప్ప నీళ్ళ పాఠం వినాలి. అది వినకపోతే ఇంకే పాఠానికీ రానివ్వరు.

గోగుకి ఈ నియమం నచ్చలేదు.

"అవ్వా, మా ఇంట్లో ఎవరూ ఇప్ప నీళ్ళు ముట్టరు. నేనూ ముట్టను. నాకెందుకు ఈ పాఠం?" అని అడిగింది.

అవ్వ కోప్పడలేదు. "నువ్వు ముట్టవని నాకు తెలుసు తల్లీ. అయినా కూర్చో" అంది.

మొదటి రోజు అవ్వ ఒక ఇప్పపువ్వు చూపించింది. "చెట్టు కింద రాలిన పువ్వు తింటే తియ్యగా ఉంటుంది, ఆకలి తీరుతుంది. అదే పువ్వు బండ గుంటల్లో పడి, నీళ్ళలో నాని, పులిసి నురగ కట్టిందంటే మత్తెక్కిస్తుంది. అవే ఇప్ప నీళ్ళు" అంది.

రెండో రోజు, ఆ మత్తు ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుందో చెప్పింది. "ముందు నవ్వు వస్తుంది. తర్వాత నడక పోతుంది. మరీ ఎక్కువైతే ఊపిరి పోతుంది. నవ్వు, నడక, ఊపిరి. ఏదీ, అందరూ అనండి" అంది. అందరూ ఆవలిస్తూ అన్నారు. గోగు ఆ పూటంతా చీమల బారు లెక్కపెడుతూ కూర్చుంది.

మూడో రోజు అవ్వ ఒక పెద్ద దుంగ తెచ్చి పడేసింది. "ఇది మత్తులో పడిపోయిన మీ స్నేహితుడనుకోండి. లేపితే లేవట్లేదు. ఏం చేస్తారు? ఒంటరిగా వదలకూడదు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. వెంటనే పెద్దవాళ్ళని పిలవాలి. పిలిచినవాళ్ళని నేను ఒక్క మాట కూడా అనను" అంది. తర్వాత ఒక్కొక్కరి చేతా దుంగ దొర్లించింది. గోగు దొర్లిస్తే అది రెండుసార్లు వెనక్కే వచ్చి పడింది. అందరూ గొల్లున నవ్వారు. గోగుకి తల కొట్టేసినట్టయింది. మూడోసారి భుజం ఆనించి నెడితే గానీ అది తిరగలేదు.

నెల గడిచింది. ఒకరోజు మధ్యాహ్నం బడికి సెలవు. పై తరగతి అడవిపంది కోరన్న వచ్చి కొత్తవాళ్ళని పిలిచాడు. "పదండి, పెద్దబండ దగ్గర ఆడుకుందాం. ఇవాళ మీకు మా స్వాగతం" అన్నాడు.

పెద్దబండ మీద ఒక లోతైన గుంట ఉంది. దాని నిండా నురగ తేలిన ఇప్ప నీళ్ళు. గోగుకి వాసన చూడగానే ముక్కు మండింది. "నాకొద్దన్నా" అని దూరంగా వెళ్ళి గడ్డి కొరుకుతూ నిలబడింది. కోరన్న బలవంతపెట్టలేదు.

బుంగ మాత్రం అందరి మధ్యలో ఉన్నాడు. మోదుగాకు దొప్పలో కోరన్న ముంచి ఇస్తే ఒకటి తాగాడు. అందరూ కేరింతలు కొడితే రెండోది తాగాడు. మూడోది ఎవరూ అడగకుండానే ముంచుకుని తాగాడు. గంతులేశాడు. కోతిలా నడిచి చూపించాడు. అందరూ పడీ పడీ నవ్వారు. కాసేపటికి వాడి కాళ్ళు మెలికలు తిరిగాయి. బండ పక్కన వెల్లకిలా పడిపోయాడు.

"వాడి పని అయిపోయింది!" అని ఇంకా నవ్వారు.

గోగుకి మాత్రం నవ్వు రాలేదు. దగ్గరికి వెళ్ళి ముక్కుతో బుంగ చెవిని తాకింది. చెవి చల్లగా ఉంది. "బుంగా! లే!" అంది. పలకలేదు. గట్టిగా పొడిచింది. కదల్లేదు.

"వాడికేం కాదులే. గురక పెడుతున్నాడు చూడు, హాయిగా నిద్రపోనీ" అన్నాడు కోరన్న.

"ఉసిరికాయ నలిపి నోట్లో పెడదాం, పులుపుకి దిగిపోతుంది" అంది ఊయల. ఊయల అంటే గోగు తరగతిలోని కొండముచ్చు పిల్ల.

"లేపి నిలబెట్టి నాలుగడుగులు నడిపించండి" అన్నారు ఇంకెవరో.

గోగు వాడి గురక వినసాగింది. గురక వచ్చింది. ఆగిపోయింది. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ చిన్నగా వచ్చింది. నవ్వు అయిపోయింది, నడక అయిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే.

"నోట్లో ఏమీ పెట్టకండి, గొంతుకి అడ్డం పడుతుంది. అవ్వని పిలవాలి" అంది.

అందరి మొహాలూ మాడిపోయాయి. "నీకేమైనా పిచ్చా? అవ్వకి తెలిస్తే మనందర్నీ బడిలోంచి పంపించేస్తుంది. వాణ్ణి ముందు పంపిస్తుంది. స్నేహితుడన్నావు కదా, వాడికి ఆ గతి పట్టిస్తావా?" అన్నాడు కోరన్న.

ఆ మాటకి గోగు ఒక్క క్షణం ఆగిపోయింది. పిలిచినవాళ్ళని ఏమీ అననని అవ్వ చెప్పింది. కానీ పెద్దవాళ్ళు అలాగే చెబుతారు కదా, తీరా చేశాక తిడతారేమో! అమ్మ ఎంత ఆశతో పంపింది! బుంగ లేచాక నాతో మాట్లాడకపోతే?

గురక మళ్ళీ ఆగింది.

"మాట్లాడకపోతే మానేస్తాడు. ముందు లేవనీ" అనుకుంది గోగు. ఊయల వైపు తిరిగి, "ఊయలా, నీకు కొమ్మల మీద నాకంటే వేగం. నువ్వు వెళ్ళు. నేను వీణ్ణి వదిలి రాలేను. గోగు పంపిందని చెప్పు. నా పేరే చెప్పు" అంది.

ఊయల కోరన్నని చూసింది, బుంగని చూసింది. ఒక్క దూకుతో చెట్టెక్కి వెళ్ళిపోయింది. పిల్లలు కొందరు మెల్లగా జారుకున్నారు.

గోగు బుంగ పక్కకి వచ్చి భుజం ఆనించి నెట్టింది. వాడు దుంగ కంటే బరువు. గిట్టలు జారాయి. మోకాళ్ళు బండకి గీసుకుని రక్తం వచ్చింది. మళ్ళీ నెట్టింది. కదల్లేదు.

వెనకనుంచి ఇంకో భుజం వచ్చి తోడైంది. కోరన్న! వాడి కళ్ళల్లో భయం. "ఎటు తిప్పాలి? నేను ఆ పాఠంలో నిద్రపోయాను" అన్నాడు.

"అవతలి పక్కకి అన్నా. మెల్లగా!"

ఇద్దరూ కలిసి నెడితే బుంగ పక్కకి తిరిగాడు. తిరిగిన కాసేపటికే భళ్ళున వాంతయింది. అంతా నేల మీద పడింది. వెల్లకిలా ఉండుంటే అది వాడి గొంతులోనే నిలిచిపోయేది.

గోగు బుంగ వీపుకి ఒళ్ళు ఆనించి పడుకుంది, వాడికి వెచ్చగా ఉండాలని. "బుంగా, అవ్వ వస్తోంది. ఊపిరి తీసుకో. ఊఁ, ఇంకొకటి. ఇంకొకటి" అంటూనే ఉంది.

ఇంతలో నేల అదిరింది. అవ్వ అంత వేగంగా నడవగలదని ఎవరికీ తెలియదు. వచ్చీ రాగానే తొండం చివరతో వాడి నోరు శుభ్రం చేసింది. మెడ సరిచేసింది. ఊపిరి దగ్గర తొండం పెట్టి చూసింది. తర్వాత తన నీడలో వాడికి ఎండాకులు కప్పి, పక్కనే నిలబడింది. ఎవర్నీ ఏమీ అడగలేదు.

పొద్దు వాలే వేళకి బుంగ ఊపిరి సరిగ్గా ఆడసాగింది. చెవులు వెచ్చబడ్డాయి. అప్పుడు కోరన్న తల వంచుకుని, "నిద్రపోతే తగ్గుతుందనుకున్నాను అవ్వా" అన్నాడు.

"నేనూ అలాగే అనుకున్నాను నాయనా, మీ వయసులో. మా చెల్లెలు పడిపోతే నిద్రపోనీ అన్నాను. అమ్మ తిడుతుందని ఎవర్నీ పిలవలేదు. తెల్లారి లేపడానికి వెళ్తే ఇక లేవలేదు" అంది అవ్వ. తొండంతో గోగు మోకాలి మీది రక్తం తుడిచింది. "నువ్వు పిలిచావు తల్లీ" అంది, అంతే.

అవ్వ ఎవర్నీ బడిలోంచి పంపలేదు. మర్నాడు పొద్దున్న కోరన్న తనంతట తానే రాళ్ళు మోసి ఆ గుంట పూడ్చేశాడు.

బుంగకి రెండు రోజులు తల ఎత్తబుద్ధి కాలేదు. మూడో రోజు గోగు వెళ్ళి పక్కన కూర్చుంది. వాడు నేల చూస్తూ అన్నాడు, "రెండు దొప్పలు వాళ్ళ కోసం తాగాను. మూడోది మా అమ్మ గుర్తొచ్చి తాగాను. పడుకునేటప్పుడు నా తల మీద చెయ్యి వేసేది."

"నాకూ మా అమ్మ రోజూ గుర్తొస్తుంది. నీకు రాదనుకున్నాను. ఎప్పుడూ నవ్విస్తూ ఉంటావు కదా" అంది గోగు.

"గుర్తొచ్చినప్పుడే ఎక్కువ నవ్విస్తాను" అన్నాడు బుంగ.

గోగు తన తల వాడి తలకి ఆనించింది. "ఇకనుంచి గుర్తొస్తే నా దగ్గరికి రా. నవ్వించనక్కర్లేదు" అంది.

వాడు ఏడ్చాడు. గోగు కదలకుండా కూర్చుంది.

నీతి: మత్తులో పడిపోయిన స్నేహితుణ్ణి ఒంటరిగా వదలకండి. తిట్లు పడతాయని భయపడకుండా పెద్దవాళ్ళని పిలవండి, వాళ్ళు వచ్చేదాకా పక్కనే ఉండండి.