గడ్డ కట్టని క్యాబేజీ

తొమ్మిదేళ్లు గుట్ట మీది దర్గాలో ఉన్న ఇమాంవలీ, ఒక గురువారం పొద్దున మూట కట్టుకున్నాడు.

గురువు బడేమియా తాత ఇచ్చిన దేవుడి నామం జపిస్తూ కూర్చుంటే ఒక్క ఘడియ కూడా మనసు నిలవదు. లారీ నడిపిన రోజులు, పోయిన భార్య, అన్నీ కళ్ల ముందుకొస్తాయి. విసుగెత్తి తనలో తానే పందెం వేసుకున్నాడు. ఈసారి నాటిన క్యాబేజీ గడ్డ కడితే ఉంటాను, లేదంటే గుట్ట దిగి పోతాను అని.

కట్టలేదు. ఎట్లా కడుతుంది? రోజూ తెల్లారగానే మొక్క నడిమి మొవ్వులో వేళ్లు పెట్టి విడదీసి చూసేవాడు మహానుభావుడు. ముప్పై మొక్కలూ ఆకులు బార్లా చాపుకుని కూర్చున్నాయి.

"సెలవిప్పించు తాతా. వాటిని పీకి మేకలకు వేసి పోతా. అవీ నాలాగే, ఎందుకూ పనికిరావు."

తాత మూట వంక చూశాడు. "కత్తి పట్రా" అన్నాడు.

గురువారం గుట్టెక్కిన వాళ్లకు మడిలో పండిందే వండిపెట్టడం అక్కడి ఆనవాయితీ. తాత ఒక్కో మొక్కకు నాలుగేసి కింది ఆకులు కోసి వలీ ముందు పోశాడు.

"గడ్డ కట్టుంటే ఏం చేసేవాడివి?"

"ఆకులు విప్పి తరిగేవాణ్ణి."

"విప్పే ఉన్నాయి. తరుగు."

ఆకు కాస్త ముదురు, ఉడకడానికి ఆలస్యమైంది. శనగపప్పు, వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి దించారు. జొన్నరొట్టెలతో వడ్డిస్తుంటే, రాళ్ల క్వారీలో పనిచేసే హుసేనమ్మ రెండోసారి పళ్లెం చాపింది.

"జ్వరమొచ్చినప్పట్నుంచి ముద్ద దిగలేదు నాయనా. ఇయ్యాలే నోటికి రుచి తెలిసింది. వచ్చే వారం కూడా చేస్తావా?"

వలీ ఆమె పళ్లెంలో ఇంకో గరిటె వేశాడు.

"నీ పళ్లెమేది?" అన్నాడు తాత.

"మూటలో ఉంది తాతా."

"తీసుకో. కూర చల్లారిపోతుంది."

మూట విప్పి, గిన్నె అడుగున మిగిలిన కూర వేసుకున్నాడు. తన చేతుల మీద పెరిగిన ఆకు అది. ఎంత బాగుందో. ఇంత తిండి పెట్టిన ఆ మొక్కల్నా తను తిట్టుకుంది అని కళ్లు తడయ్యాయి.

హుసేనమ్మ మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచాడు.

"చేస్తానమ్మా. వచ్చే గురువారం కూడా ఇదే కూర."

తెల్లవారి మడికి నీళ్లు పెట్టాడు. మొవ్వుల జోలికి పోలేదు.