రాణి బొమ్మ కింద పెంటమ్మ పేరు

అనగనగా, ఏళ్లు లెక్కపెట్టే అలవాటు ఇంకా ఎవరికీ రానంత వెనక, ఏడేరుల రాజ్యం అని ఒకటుండేది. ఊఁ కొట్టండర్రా. ఊఁ కొట్టకపోతే కథ మొండి ఎద్దులా దారిలోనే పడుకుంటుంది.

ఆ రాజ్యాన్ని ఏలే రాణి ఒక కళాశాల కట్టించింది. కళాశాల అంటే మీ అక్కలూ అన్నలూ బస్సెక్కి వెళ్లే కాలేజీ కాదు. బొమ్మలు గీయడం, రాళ్లు చెక్కడం, కంచు పోత పోయడం నేర్పే బడి. దేశం మొత్తానికీ అదొక్కటే. అందులో ముగ్గురు పెద్ద గురువులు. బైరోజు, నాగోజు, తిప్పోజు.

ఆ కళాశాల గుర్రాలకు గడ్డి మోసుకొచ్చే మనిషి పెంటమ్మ. ఒకరోజు పొద్దున్నే తలమీద పచ్చగడ్డి మోపుతో వాకిట్లో నిలబడింది. మోపు దించడానికి ఎవరైనా చెయ్యి వేస్తారేమోనని చూస్తోంది. అంత బరువు కిందా మెడ నిటారుగా ఉంది, నడుము నిటారుగా ఉంది. బైరోజు బయటికి వచ్చి చూశాడు.

"కదలకమ్మా!" అని కేక వేశాడు.

"పాముందా అయ్యవారూ?" అంది పెంటమ్మ, ఊపిరి బిగబట్టి.

"పామూ లేదు, తేలూ లేదు. అలాగే ఉండు. నిన్ను చూసి బొమ్మ గీస్తాను."

కదల్లేదు పెంటమ్మ.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. బొమ్మ గీసేవాడికి ఎదురుగా ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ముక్కుమీద ఈగ వాలినా తోలుకోకూడదు. కాలు తిమ్మిరెక్కినా విదిలించకూడదు. తమాషా అనుకుంటున్నారేమో, చేసి చూడండి. ఇప్పుడే ఒకడు గోక్కుంటున్నాడు, నాకు కనిపిస్తూనే ఉంది. అది కష్టమైన పని. ఆ పనిలో పెంటమ్మను మించినవాళ్లు ఏడేరుల రాజ్యంలో లేరు.

బైరోజు ఆమె చేతికి చేట ఇచ్చి నిలబెట్టాడు. విత్తనాలు జల్లే తల్లి బొమ్మ వేశాడు. "కదలకమ్మా" అన్నాడు. కదల్లేదు పెంటమ్మ.

నాగోజు ఆమె చేతికి బల్లెం ఇచ్చి నిలబెట్టాడు. యుద్ధానికి కదిలే పాతకాలపు రాణి బొమ్మ వేశాడు. "కదలకమ్మా" అన్నాడు. కదల్లేదు పెంటమ్మ.

తిప్పోజు ఆమెను పీటమీద కూర్చోబెట్టి చెయ్యి ఎత్తమన్నాడు. దీవించే దేవత బొమ్మ వేశాడు. "కదలకమ్మా" అన్నాడు. కదల్లేదు పెంటమ్మ.

అయితే, ఎదురుగా నిలబడ్డవాళ్లకు బొమ్మ కనిపించదు కదా. వాళ్లకు కనిపించేది బొమ్మ వీపే. గడ్డి మోసేవాళ్లుండే గడ్డివాడలో పెంటమ్మకు ఒక పక్కింటావిడ ఉంది. పేరు చుక్కమ్మ. నాలుక ఉప్పూకారం సమంగా కలిపిన నాలుక.

"ఏమే పెంటీ, రోజూ బొమ్మలవాళ్ల దగ్గర కొయ్యలా నిలబడి వస్తావు. ఏదీ నీ బొమ్మ? ఏ గోడకుందో చూపించు. నన్నూ గీయమను, మా ఆయన చూసి భయపడతాడు."

వాడ వాడంతా నవ్వింది. పెంటమ్మ నవ్వలేదు. ఆమె ఇంట్లో అద్దం లేదు. తన మొహం తను చూసుకున్నది ఏటి నీళ్లలోనే, అదీ అలలు లేనప్పుడు. తను ఎలా ఉంటుందో ఒక్కసారి చూసుకోవాలి. చూసుకుని వాడ మొత్తానికీ చూపించాలి. అదొక్కటే ఆమె కోరిక.

బైరోజును అడిగింది. "రంగు ఆరనీ అమ్మా" అన్నాడు.

నాగోజును అడిగింది. "మెరుగు పట్టించనీ అమ్మా" అన్నాడు.

తిప్పోజును అడిగింది. "గోడకెక్కించనీ అమ్మా, అప్పుడు దేశమంతా చూస్తుంది. నువ్వూ చూద్దువుగాని" అన్నాడు.

సరేనంది పెంటమ్మ. గురువుల మాట కదా.

రంగు ఆరింది. మెరుగు పట్టింది. బొమ్మలు గోడకెక్కాయి. రాణిగారు వచ్చి చూసే పండుగ రోజు రానే వచ్చింది. పెంటమ్మ తలంటుకుంది, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుంది. చుక్కమ్మనీ వాడలో అందరినీ వెంటబెట్టుకుని బయలుదేరింది.

వాకిట్లో ద్వారపాలకుడు సింగన్న కర్ర అడ్డం పెట్టాడు.

"ఎవరు మీరంతా? గడ్డి దించేది వెనక దారిన."

"గడ్డి కాదు సింగన్నా. బొమ్మలు చూడ్డానికి వచ్చాం. నేను లోపల ఉన్నాను."

"లోపలుంటే బయట ఈ మాట్లాడేదెవరు?" అన్నాడు సింగన్న. "ఇవాళ గురువులూ, గురువుల చుట్టాలూ, కొలువువాళ్లూ మాత్రమే లోపలికి. వాళ్లు చెప్పిన పేర్లలో నీ పేరు లేదు. కదులు, కదులు."

పెంటమ్మ వెనక్కి చూసింది. చుక్కమ్మ నోరు తెరవబోతోంది. ఆ నోరు తెరుచుకుందంటే, ఇక పెంటమ్మ ఆ వాడలో తలెత్తి తిరిగేది లేదు.

"సింగన్నా, కదలకుండా ఉండడమే కదయ్యా నా పని," అంది పెంటమ్మ. "నీ కర్ర ఒక్కసారి ఇస్తావా?"

ఆ అడిగిన తీరుకి సింగన్న కర్ర ఇచ్చేశాడు. ఎందుకిచ్చాడో అతనికే తెలియదు.

పెంటమ్మ వాకిటి పక్కన బండరాయి ఎక్కింది. కుడికాలు ముందుకు వేసింది. కర్రను బల్లెంలా నిలబెట్టింది. గడ్డం ఎత్తింది. అంతే. ఎండ మొహాన కొడుతోంది. చెమట కారుతోంది. కదల్లేదు పెంటమ్మ.

లోపల బొమ్మలు చూసి ఒక పెద్దమనిషి తాంబూలం నములుతూ బయటికి వచ్చాడు. బండమీద ఆమెను చూశాడు. నమలడం ఆపేశాడు. గిరుక్కున వెనక్కి తిరిగి లోపలికి పరుగెత్తాడు. మళ్లీ బయటికి వచ్చాడు.

"లోపలి రాణి బయటికి వచ్చేసిందర్రా!" అన్నాడు.

ఇద్దరు వచ్చారు, పదిమంది వచ్చారు. పెంటమ్మ కర్ర దించింది. పైటకొంగును చేటలా పట్టుకుని విత్తనం జల్లే చెయ్యి చాచింది. "అదిగో విత్తనాల తల్లి!" అన్నారు. బండమీదే కూర్చుని చెయ్యి ఎత్తింది. "అదిగో దేవత!" అన్నారు. ఒక ముసలమ్మయితే చెంపలు కూడా వేసుకుంది. లోపల బొమ్మల దగ్గర ఒక్కరూ మిగల్లేదు, గోడమీది బల్లి తప్ప.

అప్పుడు వచ్చింది రాణిగారి పల్లకి.

రాణి దిగింది. జనం పక్కకు జరిగారు. రాణి బండమీది మనిషిని చూసింది, లోపలికి వెళ్లి మూడు బొమ్మలూ చూసింది, మళ్లీ బయటికి వచ్చి చూసింది.

"మొహాలు వేరు. మనిషి ఒక్కతే," అంది. "గురువులూ, ఈమె పేరేమిటి?"

బైరోజు నాగోజు వైపు చూశాడు. నాగోజు తిప్పోజు వైపు చూశాడు. తిప్పోజు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఆ మోచేతి మీద పుట్టుమచ్చ ఎక్కడుందో వాళ్లకు తెలుసు. ఆ పాదం ఎటు వంగిందో తెలుసు. పేరు మాత్రం ఎవరూ అడగలేదు. 'కదలకమ్మా' అనే పిలిచారు ఇన్నాళ్లూ.

"నా పేరు పెంటమ్మ, తల్లీ," అంది పెంటమ్మ బండ దిగి.

కొలువువాళ్లు కిసుక్కున నవ్వారు. రాణి బొమ్మకు నిలబడ్డదాని పేరు పెంటమ్మా!

పెంటమ్మ తల దించలేదు. "మా అమ్మకు నాకంటే ముందు పుట్టినవాళ్లు పుట్టినట్టే పోయారు. నన్ను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి మళ్లీ ఎత్తుకుంది, మృత్యువు చూసినా చీ అని వదిలేయాలని. బతకాలని పెట్టిన పేరు తల్లీ ఇది. బతికాను."

రాణి కొలువువాళ్ల వైపు తిరిగింది.

"మా అమ్మకూ అంతే. నన్ను చేటెడు తవుడుకు మంత్రసానికి అమ్మి మళ్లీ కొనుక్కుంది. నా చిన్నప్పటి పేరు తవుడమ్మ. ఏదీ, ఇప్పుడు నవ్వండి."

ఎవరు నవ్వుతారు! అందరికీ ఒక్కసారిగా దగ్గు వచ్చింది.

"నీకేం కావాలో అడుగు పెంటమ్మా," అంది రాణి.

"నన్ను నేను చూసుకోవాలి తల్లీ. మా వాడవాళ్లూ చూడాలి. బొమ్మ కింద నా పేరు ఉండాలి. నిలబడ్డది నేను కదా."

"వాకిలి తెరవండి," అంది రాణి. "ముందు పెంటమ్మ. వెనక గడ్డివాడ. ఆ వెనక మేము."

అలాగే నడిచారు. రాణిగారు కూడా వరుసలో వెనకే నడిచింది. పెంటమ్మ రాణి బొమ్మ ముందు నిలబడింది. ఆ భుజం తనది. ఆ పిడికిలి తనది. ఆ నిలబడడం తనది. చాలాసేపు చూసి, "ముక్కు నాది కాదు," అంది.

"మొహం మార్చానమ్మా," అన్నాడు నాగోజు, నీళ్లు నములుతూ.

"ఏం, నాది బావులేదా?"

"నేను చూడలేదమ్మా," అన్నాడు నాగోజు. అంత పెద్ద గురువూ ఆ మాట పదిమందిలో ఒప్పుకున్నాడు. "ఇంకోసారి నిలబడతావా, పెంటమ్మా?"

పేరు పెట్టి పిలిచాడు, విన్నారా? నిలబడింది పెంటమ్మ. ఈసారి ఆమె మొహంతోనే బొమ్మ వేశాడు. ఆరగానే మొదట ఆమెకే చూపించాడు. కింద పెద్ద అక్షరాలతో పెంటమ్మ పేరు, దాని కింద చిన్న అక్షరాలతో తన పేరు రాశాడు. చుక్కమ్మ నడుంమీద చెయ్యి వేసుకుని చూసింది. "ఊఁ, ఇది మన పెంటే. ఆ మొండి చూపుతో సహా దిగింది," అంది. అని, ముక్కు చీదుకుంది. ఆ వాడలో ఊరేగింపు జరిగిందర్రా ఆ రోజు! గడ్డిబండి మీద పెంటమ్మ, పక్కన బొమ్మ, ముందు డప్పులు. బండి లాగినవాళ్లలో ముగ్గురు గురువులూ ఉన్నారు.

పెంటమ్మ నిండుగా బతికి, పండి రాలింది. ఆమె పోయిన రోజు కళాశాలలో ఎవరూ కుంచె పట్టలేదు. మర్నాడు బైరోజు, అప్పటికి నడుము వంగిపోయిన ముసలాయన, ఆ వాకిటి బండను కడిగించి ఒక కట్టడి చేశాడు.

ఏడేరుల రాజ్యంలో ఇప్పటికీ అది తప్పరు. కళాశాలలో చేరిన పిల్లలకు మొదటిరోజు కుంచె ఇవ్వరు, ఉలి ఇవ్వరు. ఒక్కొక్కరినీ ఆ బండమీద నిలబెట్టి "కదలకు" అంటారు. మంత్రిగారి కొడుకైనా అంతే. కాలు తిమ్మిరెక్కి కళ్లల్లో నీళ్లు తిరిగాక దించి, "ఇక గీయడం మొదలుపెట్టు" అంటారు. బొమ్మ గీసే ముందు ఎదురుగా ఉన్నవాళ్ల పేరు అడిగి పైకి చెప్పాలి. పూర్తయ్యాక ముందు వాళ్లే చూడాలి. రాణులైనా రాజులైనా ఆ తర్వాతే.

ఇంకొకటి. ఆ దేశంలో గొప్ప ఇళ్లలో కూడా ఆడపిల్లకు పెంటమ్మ అని కోరి పేరు పెట్టుకుంటారు. ఆ పేరున్న పిల్ల ఎవరైనా కళాశాల వాకిట్లోకి వస్తే, ద్వారపాలకుడు ఎంతటి మీసాలవాడైనా సరే, లేచి తన కర్ర ఆ పిల్ల చేతికిచ్చి పక్కకు జరిగి నిలబడతాడు.