ఖాశింబీ కూర్చున్న చోటు

కిరీటి రికార్డు చేసిన పాటల్లో తప్పు పట్టడానికి ఏమీ ఉండేది కాదు. అదే అతని బాధ.

చెన్నైలో రెండేళ్ళు సౌండు చదువుకుని వచ్చాడు. గొంతు ఎక్కడ చీలుతోందో, మృదంగం ఎక్కడ మొద్దుబారుతోందో కంప్యూటరు తెర మీద గీతలు చూసి చెప్పేస్తాడు. అయినా అతని రికార్డింగు విన్నవాళ్ళు "బాగుందయ్యా" అని లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఇంకోసారి పెట్టమని ఒక్కరూ అడగలేదు.

ఆ దిగులుతోనే కస్తూరమ్మ గారి దగ్గర చేరాడు. ఆవిడ ముప్పై ఏళ్ళు రేడియోలో పనిచేసి, కొండపి దగ్గర పాడుబడ్డ పొగాకు బ్యారన్, ఒకప్పుడు ఆకు ఆరబెట్టిన కొట్టం, ఒకటి కొని స్టూడియో చేసుకున్నారు. ఎత్తయిన ఇటుక గోడలు, పైన ఎక్కడో చిన్న కిటికీ. మధ్యాహ్నం అందులోంచి ఎండ ఏటవాలుగా దిగి, నేలను చేరేలోపే దుమ్ములో కరిగిపోయేది. గోడలు ఇంకా తియ్యగా, ఘాటుగా ఆకు వాసన వేసేవి. అక్కడ కాసేపు నిలబడితే టైమెంతయిందో గుర్తుండేది కాదు.

ఎనిమిది నెలలు గడిచాయి. ఆవిడ ఒక్క పాఠం చెప్పలేదు. "ఆ వైర్లు చుట్టి పెట్టు," "టీ తాగుదువు గాని రా," అంతే. ఎప్పుడు నేర్పుతారమ్మా అని అడిగితే నవ్వి ఊరుకునేవారు.

ఒక మంగళవారం చిలకలూరిపేట వైపు నుంచి నాదస్వరం వాయించే పెద్దాయన వచ్చాడు. షేక్ దరియా హుస్సేన్. తన ఊరి రామాలయంలో పవళింపు సేవకి నలభై ఏళ్ళుగా ఆయనే వాయిస్తున్నాడు. వెంట భార్య ఖాశింబీ, చేతిలో టిఫిన్ క్యారియరుతో.

"పై పళ్ళు కదిలిపోయినయ్యి అమ్మగారూ," అన్నాడాయన కస్తూరమ్మ గారితో. "గురువారం తీసేస్తానన్నాడు డాక్టరు. కట్టుడు పళ్ళతో నాదస్వరం పీక మీద పట్టు దొరకదు. స్వామిని నిద్రపుచ్చే నీలాంబరి రాగం ఒక్కటి, సరిగ్గా ఒక్కటి, పట్టి ఉంచండి. నా తర్వాత గుళ్ళో వాయించేవాళ్ళు లేరు."

కస్తూరమ్మ గారు కిరీటి వైపు చూశారు. "నువ్వు చెయ్యి."

కిరీటి దాచుకున్న విద్యంతా బయటికి తీశాడు. హాలుకి ఓ పక్కన తను స్పాంజి అతికించి కట్టిన చిన్న గది ఉంది, ఈగ వాలినా వినపడేంత నిశ్శబ్దం. అందులో పెద్దాయన్ని కూర్చోబెట్టాడు. వాద్యం చివర పువ్వులా విచ్చుకున్న మూతి దగ్గర ఒక మైకు, వేళ్ళు ఆడే రంధ్రాల దగ్గర రెండు, తల పైన ఒకటి.

దరియా సాహెబు పీక తడిపి ఊదాడు. శబ్దం మితిమీరి తెర మీద ఎర్రదీపాలు భగ్గుమన్నాయి. కిరీటి తగ్గించాడు. ఈసారి శబ్దం సన్నగా, రేకు గీసినట్టు వచ్చింది. మైకులు జరిపాడు. మళ్ళీ ఊదించాడు. ఆరుసార్లయ్యాక పెద్దాయన చేతిగుడ్డతో పెదవి తుడుచుకున్నాడు. గుడ్డ మీద చిన్న రక్తపు మరక.

"ఏమనుకోకు బాబూ," అన్నాడు నెమ్మదిగా. "ఈ గదిలో ఊదితే నా గాలి నాకే తిరిగి రావట్లా. దిండులోకి ఊదినట్టుంది."

 ఆ పళ్ళు ఇంకెన్నిసార్లు ఓర్చుకుంటాయో కిరీటికి తెలియదు. బయటికి వచ్చి కస్తూరమ్మ గారి ముందు నిలబడ్డాడు.

"నా వల్ల కావట్లేదమ్మా. ఎక్కడ పెట్టినా తప్పే. మీరు చెప్పండి, ఎక్కడ పెట్టాలి?"

ఆవిడ లేచి వరండాలోకి వెళ్ళారు. అక్కడ ఖాశింబీ టిఫిన్ క్యారియరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఖాశింబీ గారూ, ఇంట్లో సాహెబు గారు వాయిస్తుంటే మీరు వింటారా?"

"వినకేం జేస్తానమ్మా? నలభై ఏళ్ళయ్యె."

"అయితే లోపలికి రండి."

సాహెబు గారిని ఆ గదిలోంచి లేపి, హాలు మధ్యలో చాప మీద కూర్చోబెట్టారు. నాలుగు మైకుల్లో మూడు తీసేయమని కిరీటికి సైగ చేశారు. తర్వాత ఖాశింబీ చేతిలో క్యారియరు తను అందుకున్నారు.

"మీకెక్కడ బాగుంటే అక్కడ కూచోండి."

ఖాశింబీ సిగ్గుపడింది. "నేనెందుకమ్మా, మధ్యలో?"

"నాకోసం."

దరియా సాహెబు మెల్లగా రాగం ఎత్తుకున్నాడు. ఖాశింబీ ముందు భర్త ఎదురుగా కూర్చుంది. క్షణంలో లేచింది. అవతలి గోడ దాకా వెళ్ళి, వీపు ఆనించి నిలబడింది. తల అడ్డంగా ఊపింది.

"దగ్గర కూచుంటే గాలే వినపడిద్ది," అంది తనలో తను అనుకుంటున్నట్టు. "మరీ ఎడం పోతే గోడలు వినపడతయ్యి."

మళ్ళీ వెనక్కి వచ్చింది. ఓ అడుగు అటు, ఓ అడుగు ఇటు. చివరికి ఆయనకి ఎదురుగా కాదు, కుడిచేతి పక్కగా, కాస్త దూరంలో చుట్టిపెట్టిన జంపఖానా మీద కూర్చుంది. మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుంది. భుజాలు వదులయ్యాయి.

కస్తూరమ్మ గారు మిగిలిన ఒక్క మైకు తెచ్చి, ఖాశింబీ చెవి పక్కన పెట్టారు. తర్వాత వెళ్ళి తలుపు దగ్గరికి వేశారు.

అప్పుడు వినిపించింది నీలాంబరి.

కిరీటి కంట్రోలు గదిలో అద్దం వెనక చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. మొదట గీతలు చూస్తున్నాడు. కాసేపటికి చూడటం మానేశాడు. స్వరం ఎక్కడో పై కిటికీ దగ్గర పుట్టి, ఎండలో దుమ్ములా తిరుగుతూ దిగివస్తోంది. తను చిన్నప్పుడు జ్వరంతో పడుకుంటే పక్కగదిలో పెద్దవాళ్ళు గుసగుసగా మాట్లాడుకోవడం గుర్తొచ్చింది. మాటలు తెలిసేవి కావు. ఎవరో మేలుకుని ఉన్నారన్న ధైర్యం మాత్రం తెలిసేది. బ్యారన్ ఇటుకలన్నీ ఒక్కటై ఊపిరి పీల్చి వదులుతున్నట్టుంది.

ఎంతసేపు వాయించాడో. ఉన్నట్టుండి ఆయన ఆపేశాడు. కిరీటి ఉలిక్కిపడ్డాడు. పళ్ళు నొప్పెట్టాయేమో అని హాల్లోకి పరుగెత్తాడు.

దరియా సాహెబు పెదవుల మీద వేలు పెట్టి, పక్కకి చూపించాడు. ఖాశింబీ తల మోకాళ్ళ మీదికి వాలి ఉంది.

"ఇంక చాలు బాబూ," అన్నాడు గుసగుసగా. "నిద్రపోయింది."

వాళ్ళు వెళ్ళేముందు రికార్డింగు వినిపించారు. సాహెబు గారు కళ్ళు మూసుకుని విన్నాడు. అయిపోయాక కిరీటి చెయ్యి పట్టుకుని, "ఇంకోసారి పెట్టు బాబూ," అన్నాడు. అలా మూడుసార్లు పెట్టించుకున్నాడు.

బస్సు టైమయి వాళ్ళు వెళ్ళిపోయారు. జంపఖానా తీయకముందే కిరీటి కొలత టేపు తెచ్చాడు. చాప నుంచి మైకు దాకా కొలిచాడు. నేల నుంచి ఎత్తు కొలిచాడు. పుస్తకంలో శ్రద్ధగా బొమ్మ గీసుకుంటుంటే కస్తూరమ్మ గారు వచ్చి పక్కన నిలబడ్డారు.

"ఏం రాసుకుంటున్నావు?"

"దూరం అమ్మా. నాదస్వరానికి పదకొండున్నర అడుగులు."

"నాదస్వరానికా?" అన్నారావిడ.

అంతే. టీ పెట్టుకోవడానికి లోపలికి వెళ్ళిపోయారు. కిరీటి 'నాదస్వరానికి' అన్న మాట కొట్టేసి, ఆ చోటు ఖాళీగా వదిలాడు.

నాలుగురోజుల తర్వాత పక్క ఊరి నుంచి సువార్తమ్మ అనే ముసలామె వచ్చింది. వయసులో ఉండగా ఇలాంటి బ్యారన్లలోనే పొగాకును కర్రలకి కట్టే పనికి వెళ్ళేది. అప్పటి పాటలు ఇప్పుడు ఆమెకి తప్ప ఇంకెవరికీ రావు. కిరీటి ఆమెని మైకు ముందు నిలబెట్టాడు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించాడు. ఆమె చేతులు రెండూ పక్కలకి అంటించుకుని, బళ్ళో పద్యం అప్పజెప్పే పిల్లలా పాడింది. పాట సరిగ్గానే ఉంది. గొంతు మాత్రం రాయిలా ఉంది.

కిరీటి అద్దం వైపు చూశాడు. కస్తూరమ్మ గారు తల వంచుకుని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

అతను సువార్తమ్మ చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసేశాడు.

"పెద్దమ్మా, ఈ పాట అప్పట్లో ఎవరికి పాడేవాళ్ళు?"

"ఎవురికేంది నాయనా?" ఆమె వింతగా చూసింది. "పక్కన కూచున్నదానికి. ఎదురుగా ఎవురుంటారు, ఆకే గదా."

కిరీటి చెప్పులు విడిచాడు. గోడవారగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పక్కన చోటు చూపించాడు. సువార్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మెల్లగా మోకాళ్ళు పట్టుకుని కూలబడింది. వాళ్ళ భుజాలు తగిలీ తగలనట్టు ఉన్నాయి. అతను స్టాండు కిందికంటా దించి, మైకును తన చెవి దగ్గరికి లాక్కున్నాడు.

ఆమె అతని వైపు చూడలేదు. చేతులు వాటంతటవే లేచి, లేని ఆకుని లేని కర్రకి కట్టడం మొదలుపెట్టాయి. పాట పక్క నుంచి వచ్చింది, గోరువెచ్చగా.

అద్దం అవతల కస్తూరమ్మ గారు తల ఎత్తకుండానే రికార్డు మీట నొక్కారు.