మంత్రిగారి పదిహేడు ముడులు

మంత్రి విరూపాక్షయ్య గుర్తుంచుకోవలసిన ప్రతి పనికీ ఉత్తరీయానికి ఒక ముడి వేసుకునేవాడు. ఒకసారి రేవులో చాకలి తిప్పమ్మ దానికున్న పదిహేడు ముడులూ విప్పి ఉతికేసింది.

"నా జ్ఞాపకాలన్నీ ఏట్లో కలిపింది ప్రభూ, దీన్ని ఊళ్ళోంచి వెళ్ళగొట్టండి" అని మంత్రి రాజు ముందు గుండెలు బాదుకున్నాడు.

తిప్పమ్మ అక్కడికక్కడే పదిహేడు ముడులూ మళ్ళీ వేసి ఆయన చేతికిచ్చింది. "ముడులొచ్చాయి అయ్యగారూ. జ్ఞాపకాలు కూడా వచ్చాయేమో చూడండి."

మంత్రి ఒక్కో ముడీ తడిమాడు. "ఇది కోట మరమ్మతు... కాదు, మా అల్లుడి పంచెలు..."

రాజు పడీపడీ నవ్వాడు. తిప్పమ్మకు పట్టుచీర ఇస్తానని మాటిచ్చి, మరిచిపోకుండా తన ఉత్తరీయానికీ ఒక ముడి వేసుకున్నాడు.

మర్నాడు ఆ ముడి ఎందుకు వేసుకున్నాడో ఆయనకు తట్టలేదు. ఉత్తరీయం రేవుకు పోయింది.

తిప్పమ్మ దాన్ని ఉతికి తెచ్చింది. ముడి అలాగే ఉంది.

"ఇది విప్పలేదు ప్రభూ. ఎందుకు వేశారో నాకు గుర్తుంది."