మంత్రాలన్నీ మహారాజువే

పూర్వం సోమగిరి అనే రాజ్యంలో మంత్రం రాని ఇల్లు ఉండేది కాదు. ఆడవాళ్ళు ఒక్క మాట పలికి పొయ్యి వెలిగించుకునేవారు. మంత్రసాని ఓబక్క నుదుటి మీద చెయ్యి వేసి మంత్రం చదివితే పురిటినొప్పి సగం తగ్గేది.

ఆ రాజ్యాన్ని ఏలే ప్రచండవర్మకు పూలవాన కురిపించే మంత్రం వచ్చు. ఒకనాడు నిండు సభలో కురిపించాడు. సభంతా ఆహా అంది. పెరుగు పోయడానికి వచ్చిన గొల్లామె మాత్రం పూలు పడకుండా కుండ మీద కొంగు కప్పుకుంది.

రాజుకు ఒళ్ళు మండింది. "అందరికీ మంత్రాలు రాబట్టే నా మంత్రానికి ఈ గతి! రేపటి నుంచి నేను తప్ప ఎవరూ మంత్రం పలకరాదు. పలికితే దేశబహిష్కారం!"

ఆస్థాన విదూషకుడు చెన్నశౌరి చేతులు జోడించాడు. "చిత్తం ప్రభూ. మంత్రాలన్నీ తమవే. అలాగే దండోరా వేయిస్తాను."

తెల్లవారేసరికి కోట ముందు జనం బారులు తీరారు. చేతుల్లో పొయ్యి కట్టెలు!

"వీళ్ళెందుకు వచ్చారు?" అన్నాడు రాజు.

"పొయ్యి మంత్రం తమ దగ్గరే ఉందని నేనే చెప్పాను ప్రభూ. పాపం, ఆకలి మీద ఉన్నారు."

రాజు దర్జాగా మొదటి కట్టె వెలిగించాడు. నలభయ్యోది వెలిగించేసరికి గొంతు బొంగురుపోయింది.

అంతలో మావటి పుల్లప్ప ఓబక్కను వెంటబెట్టుకుని పరుగున వచ్చాడు. "మారాజా! నా పెళ్ళాం పొద్దుట్నుంచీ నొప్పులు పడుతోంది. మంత్రం చదవడానికి ఓబక్క భయపడుతోంది. తమరే వచ్చి చదవండి!"

పుల్లప్పను చెన్నశౌరి పిలిపించలేదు. విదూషకుడి ముఖంలో నవ్వు మాయమైంది.

"నాకా మంత్రం రాదే!" అన్నాడు రాజు.

"తమకు రాదు, వచ్చినామె చదవకూడదు. మరి ఆ తల్లి ఏమైపోవాలి ప్రభూ?" అన్నాడు చెన్నశౌరి మెల్లగా.

రాజు చేతిలోని కట్టె పక్కన పడేశాడు. "ఓబక్కా, పరుగెత్తు తల్లీ! నా ఆజ్ఞ రద్దు!"

కబురు వచ్చేదాకా రాజు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీబిడ్డా క్షేమమనీ తెలిసింది.

"రాజ్యంలో మంత్రం ఎంత ఉంటే మంచిది చెన్నశౌరీ?"

"పక్కింటికి వెళ్ళి అడిగితే దొరికేంత ప్రభూ."

"మరి నా మంత్రాన్ని మెచ్చుకునేదెవరు?"

"ఆ గొల్లామె పెరుగు పాడవకుండా కుండ కప్పుకుంది, అంతే ప్రభూ. పొయ్యి మంత్రం నేర్వడానికే ఏడాది పడుతుంది. ఆ కష్టం తెలిసినవాళ్ళే తమ గొప్పతనం గ్రహిస్తారు. ఏ మంత్రమూ రానివాళ్ళకు పూలవాన అంటే ఊడ్చుకోవలసిన చెత్తే!"

రాజు పగలబడి నవ్వాడు. తన భుజం మీది పట్టుశాలువా తీసి చెన్నశౌరికి కప్పాడు.

ఆ సాయంత్రం ప్రచండవర్మ ఓబక్క ఇంటి అరుగు మీద కూర్చుని, ఆ పురిటి మంత్రం తనకూ నేర్పమన్నాడు.

"మూడేళ్ళు పడుతుంది మారాజా," అంది ఓబక్క బెదురుగా.

"పట్టనీ. ముందు మొదటి మాట చెప్పు," అన్నాడు రాజు.